బోటు కాగితంలో నా పేరు

ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం
జూన్ 3

కంచరపాలెంలో ఉన్న మా వియ్యంకుడు కొండలరావు బావకి జగ్గయ్య నమస్కారం. ఇక్కడ నేనూ, నీ చెల్లి పోతమ్మా బతికే ఉన్నాం. అక్కడ కోడలు ఈశ్వరి, మనవరాలు ధనశ్రీ బాగున్నారని తలుస్తాను.

ముందు ఒక మాట. మా బోటు మొదటిసారి నీళ్లలో దిగిన రోజు, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టిన చోటికి నువ్వు బూట్లతో ఎక్కేశావు. పోర్టు ఉద్యోగం రాగానే బోటు మీద చెప్పులు విప్పాలన్న సంగతే మరిచావు. మనవాళ్లంతా నన్ను చూసి నవ్వారు. కోడలి తండ్రివని నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లుగా మింగుతూనే ఉన్నాను, దిగడం లేదు.

ఇప్పుడు పని మాట. మా అబ్బాయి అప్పలరాజు గుండె ఆగి పోయాక బోటు ఇంకా వాడి పేరునే ఉంది. వారసుల పేరుకి మార్చందే లైసెన్సు ఇవ్వరట. వేట నిషేధం పధ్నాలుగుతో అయిపోతుంది. తెల్లారితే బోట్లన్నీ వెళ్తాయి, మనదొక్కటే తాడుకి కట్టేసి ఉంటుంది. ఈశ్వరి వచ్చి సంతకం పెట్టాలి. నువ్వేమో పంపవు. పైగా, ముసలోడు బోటు మింగేద్దామని సూత్తన్నాడని అన్నావట. మీ తమ్ముడు వీర్రాజే చేపల మార్కెట్లో చెప్పాడు. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

మింగడానికి నాకేముందని బావా? మొన్న తహసీల్దారు ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అమ్మాయి వారసుల పేర్లు చదివింది. భార్య, కూతురు, తల్లి. అంతే, ఆపేసింది. మరి నానేటైపోనానమ్మా అని అడిగాను. తండ్రికి రాదు తాతా, తల్లికే వస్తాది అంది. బోటు కాగితం తీసి, ఇదిగో జగ్గయ్య అని నా పేరుంది కదా, సగం నాదే అన్నాను. అది ఆయన ఎవరి కొడుకో తెలియడానికి రాస్తారు తాతా అంది.

నా పాత పడవ అమ్మి కొన్నాను ఆ బోటు. లోను కుర్రాళ్లకే ఇస్తారంటే వాడి పేరు రాయించాను. తండ్రి పేరు పక్కనే ఉంది కదా అని, ఇన్నాళ్లూ నాదీ అనుకున్నాను. లెక్కలు వాడు చూసేవాడు, సరంగుని నేను, బోటు నడిపేది నేను.

ఇంటికొచ్చి చెబితే పోతమ్మ, ఇకమీదట నానే ఓనర్ని, కాళ్లు మొక్కితే కూడెడతాను అని నవ్వింది. కొడుకు పోయాక నవ్వడం అదే మొదలు. అంతలోనే ఏడ్చింది.

అప్పట్నుంచి నాకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే లేచిపోతాను. జెట్టీకి పోయి ఊరికే ఇంజను తిప్పి వస్తున్నాను. పక్క బోటు వాళ్లు, ఎక్కడికి బావా ఏట అని ఎగతాళి చేస్తున్నారు. కోడల్ని పంపు.

ఇట్లు
జగ్గయ్య

మరిచాను. మరవలేదు, రాయడానికి చెయ్యి రాలేదు. పోతమ్మ తన భాగం కోడలికే వదిలేస్తూ సంతకం పెట్టేసింది. నేనే పెట్టమన్నాను. ఈశ్వరి సంతకం పెడితే బోటు తనదీ, ధనశ్రీదీ. ఇక ఓనరు తనకి నచ్చిన సరంగుని పెట్టుకోవచ్చు. నా వయసు చూసి వద్దంటుందేమోనని భయం. మామనై ఉండి ఆ పిల్లని ఏ మొహంతో అడగను? నువ్వు అడుగు బావా. నన్ను ఉంచుతుందా, లేదా? వద్దంటే తాళం పంపేస్తాను, గొడవ చెయ్యను. పదో తారీకు సాయంత్రానికల్లా నాకు చెప్పాలి. అవునో, కాదో.