కళ్ళు మూసుకున్న అమ్మమ్మ బొమ్మ

అమ్మమ్మా,

ఇది నీకు చేరదని తెలుసు. అయినా నీకు కాక ఎవరికి చెప్పుకోను? నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడాది.

మొన్న శుక్రవారం నరసరావుపేటలో బొమ్మల ప్రదర్శన పెడితే నేను గీసిన నీ బొమ్మ ఇచ్చాను. శుక్రవారం పొద్దుగూకేవేళ, మన విశ్రాంతి దినమైన సబ్బాతుకి దీపాలు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్న నువ్వు. ఎందుకు మూసుకుంటావని అడిగితే, "తెరిచినప్పుడు వెలుగు కొత్తగా కనపడుద్దే. మన యూదుల పెద్దోళ్ళంతా ఇట్టాగే చూశారు" అని కథ మొదలుపెట్టేదానివి.

బొమ్మ ముందు ఒక పెద్దావిడ ఆగింది.

"పాపం, ముసలామె ఏడుస్తా ఉంది. కొడుకు పోయాడా ఏంది?"

మేం యూదులమంటే, "అంటే ఏంది? మీదే ఊరు?" అని అందరూ చుట్టూ మూగుతారు. దానికి జడిసి, "అవునండీ, ఏడుస్తోంది" అన్నాను. పక్కనే ఉన్న నిర్వాహకుడు అది విని, బొమ్మ కింద 'కన్నీరు' అని చీటీ అంటించాడు. చూస్తూ ఊరుకున్నాను.

నువ్వు దీపాల ముందు ఏనాడూ ఏడవలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి దీపాలు పెట్టి, నీలాగే కళ్ళు మూసుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. చేతులు తీసి ఆ వెలుగు చూడ్డానికి మొహం చెల్లలేదమ్మమ్మా.