‘వాసన చేరినది’ అని రాసిన చేత్తో

గ్యాస్ కంపెనీలో గ్యాసుకు వాసన మందు కలిపే ‘మందు గది’లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన, డెబ్బై ఆరేళ్లు నిండిన, తోటివాళ్లంతా ‘అత్తరు’ అని పిలిచే నేను, నా ఇంటి ముందుగదిలో కూర్చుని, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, స్వదస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు మాట వినడం మానేశాయి. ఎడమ చెవి సగమే పనిచేస్తుంది. తెలివికి మాత్రం లోటు లేదు. మా అబ్బాయికి అనుమానం ఉంటే, మొన్న చదరంగంలో తనను ఎవరు ఓడించారో గుర్తు తెచ్చుకోవాలి.

ఇంతకు ముందు రాసిన రెండు వీలునామాలు ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఆ రెండింటిలోనూ ఒక విషయం దాచాను. దీన్ని అమలు జరిపే బాధ్యత నా చిన్ననాటి స్నేహితుడైన వకీలుది.

1. నేనుంటున్న ఈ ఇల్లు నా స్వార్జితం. నా తదనంతరం మా అబ్బాయికీ అమ్మాయికీ చెరిసగం దఖలు పడాలి. వంటింటిని ఎవరు మార్చుకోదలచినా ముందు తూర్పు గోడ మీద సున్నం కాస్త గీకి చూడండి. కింద నల్లగా ఉంటుంది. అది బొగ్గుల పొయ్యి మసి. పద్నాలుగేళ్లు మీ అమ్మ ఆ గోడ పక్కనే నిలబడి వంట చేసింది, దగ్గింది, కళ్లు తుడుచుకుంది. గ్యాస్ లైను మన వీధిలోకి వచ్చిన రోజు నేనే గొట్టం బిగించి, నేనే అగ్గిపుల్ల గీశాను. నీలం మంట చప్పుడు లేకుండా లేచింది. మీ అమ్మ పీట వాల్చుకుని దాని ముందు కూర్చుంది. పొయ్యి మీద ఏమీ పెట్టలేదు. “గిన్నె పెట్టవే, గ్యాసు ఊరికే పోతోంది” అన్నాను. “కాసేపు ఉండండి. కళ్లు మండకుండా మంటను చూడటం ఇదే మొదటిసారి” అంది. ఆ పూట వంట ఆలస్యమైంది. మీరిద్దరూ ఆకలని గోల చేశారు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు.

2. ఆ మొదటి పొయ్యి తాలూకు ఇత్తడి బర్నరు కోడలికి. అటక మీద, పాత దుప్పటిలో చుట్టి ఉంది. ఆ అమ్మాయి ఒక్కతే వాళ్ల అత్తగారి గురించి నన్ను కూర్చోబెట్టి అడిగేది, చెబుతుంటే మధ్యలో ఫోను చూసేది కాదు.

3. మా బావమరిదికి ముందుగది కిటికీ. నేను ఏ గదిలోకి అడుగుపెట్టినా ఆయన లేచి వెళ్లి కిటికీ తెరిచేవాడు. సొంత అక్క ఇంట్లో, ఆమె కళ్లముందే, నలభై ఏళ్లు ఆ పని చేశాడు. చట్రంతో సహా ఊడదీసుకుని వెళ్లవచ్చు. పనివాళ్లను ఆయనే పిలిపించుకోవాలి.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను కూడా. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: నేలలోంచి వచ్చే గ్యాసుకు వాసన ఉండదు. కారినా మనిషికి తెలియదు. అందుకని దానిలో ముక్కు పగిలే కంపు కొట్టే మందును చుక్కల లెక్కన కలుపుతారు. కలిపేవాణ్ణి నేను. ఆ కంపు వల్లనే ఎన్నో ఇళ్లవాళ్లు సమయానికి గ్యాసు కుళాయి కట్టేసుకున్నారు. మా మేస్త్రీ “మనం కంపు కొడితేనే జనం సుఖంగా నిద్రపోతారురా” అనేవాడు. నాకు గర్వంగా ఉండేది. మీ అమ్మ నా షిఫ్టు చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టి, పెరట్లో వేరే తాడు మీద ఆరేసేది. ఒక్కరోజు కూడా ముక్కు మూసుకోలేదు.

4. స్పానర్ల పెట్టె అబ్బాయికి. వాడు ఇప్పుడు అదే కంపెనీలో సూపర్‌వైజరు, స్పానరు పట్టి ఎన్నేళ్లయిందో వాడికే తెలియాలి. నా నోటుపుస్తకాలు పదకొండూ అమ్మాయికి. లైను వెంబడి నడిచినప్పుడు ఎక్కడెక్కడ కారడం చూశానో, ఏది నిజంగా బాగుచేశారో, ఏది కాగితం మీద మాత్రమే బాగైందో తేదీలతో రాసుకున్నాను. గాలిని కొలిచే యంత్రం భుజాన తగిలించుకుని వీధులన్నీ తిరిగే పిల్లకు అవి పనికొస్తాయి. అబ్బాయికి కోపం వస్తుందని తెలుసు. రానీ.

ఆదివారం భోజనాల దగ్గర మీ ఇద్దరి వాదన నాకు కంఠతా వచ్చు. “బొగ్గు కన్నా నయం కాదా? రేపొద్దున్నే అందరికీ ఎండతో వండి పెడతావా?” అని వాడు. “కాలే గ్యాసు గురించి కాదన్నయ్యా నా గొడవ. కాలకుండా తప్పించుకునేదాని గురించి. అది పైకి వెళ్లి ఊరుకోదు, బొగ్గు పొగ కన్నా ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది” అని ఇది. తర్వాత ఇద్దరూ నా వైపు చూసేవారు. నేను మజ్జిగ పోసుకునేవాణ్ణి. మీ అమ్మ దగ్గు తగ్గడం చూసినవాణ్ణి గనక వాడి మాట కాదనలేను. కారే చోట్లన్నీ నడిచి చూసినవాణ్ణి గనక దాని మాటా కాదనలేను. నోరు విప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది కిందిది.

5. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఊరి చివర కొత్త వీధికి కొత్త లైను వేశారు. కొత్త ఇనప గొట్టం మొదటి కొన్ని వారాలు మందును తనలోకి పీల్చుకుంటుంది. ఇక్కడ మేం ఎంత కలిపినా అక్కడికి గ్యాసు వాసన లేకుండా చేరవచ్చు. ‘గొట్టం తాగేసింది’ అనేవాళ్లం. అందుకని రోజూ ఒక మనిషి లైనులో చివరి ఇంటికి వెళ్లి, కుళాయి ఒక్క క్షణం తిప్పి, వాసన చూసి, రిజిస్టరులో ‘వాసన చేరినది’ అనో ‘చేరలేదు’ అనో రాసి సంతకం పెట్టాలి. మందు గదివాళ్లు ఆ పనికి వెళ్లకూడదు. తప్పనిసరైతే స్నానం చేసి, ఇంటి బట్టలు వేసుకుని వెళ్లాలి.

ఆ రోజు వెళ్లవలసినవాడు సెలవు పెట్టాడు. షిఫ్టు దిగి నేను వెళ్లాను. స్నానాల గదిలో నీళ్లు రావడం లేదు. ఇంటికి వెళ్లి స్నానం చేసి రావడానికి గంట పడుతుంది. బద్ధకించాను. దానికి ఇంకో పేరు లేదు. చివరి ఇల్లు ఒక దర్జీ ఆవిడది. కుళాయి తిప్పి ముక్కు పెట్టాను. వాసన గుప్పున వచ్చింది. ‘వాసన చేరినది’ అని రాసి సంతకం పెట్టాను. మెట్లు దిగి వీధి మలుపు దాకా నడిచాక కూడా ఆ వాసన నాతోనే ఉంది. అది నా చొక్కాది. అప్పుడే అనుమానం వచ్చింది. వెనక్కి వెళ్లలేదు.

నాలుగో రోజు పొద్దున ఆవిడ పొయ్యి వెలిగించబోయింది. బిగింపు దగ్గర గ్యాసు కారుతోంది. మంట భగ్గున లేచింది. ప్రాణం మాత్రం దక్కింది. కుడిచేతి వేళ్లు రెండు ఇప్పటికీ వంగవు. విచారణలో ఆవిడ ఒకటే మాట చెప్పింది: “నాకు ఏ వాసనా రాలేదు.” అధికారులు నా సంతకం చూపించారు. వాసన వచ్చినా పట్టించుకోకుండా అగ్గిపుల్ల గీసిందని తేల్చారు. నేను ఆ గదిలోనే, తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాను. నోరు తెరవలేదు. వాళ్ల అత్తగారు వీధిలో అందరికీ “మా కోడలికి ముక్కు ఉంది గానీ పనిచెయ్యదు” అని చెప్పుకుంది. దర్జీ ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్లి ముక్కు పరీక్ష చేయించుకుంది. బాగానే ఉందన్నాడు. అయినా తనమీద తనకు నమ్మకం పోయింది. పాలు విరిగాయేమో, ఏదైనా మాడుతోందేమో చూడమని ఈనాటికీ పక్కింటివాళ్లను పిలుస్తుంది.

మీ అమ్మకు చెప్పాను. “వెళ్లి ఆవిడతో చెప్పండి” అంది. ఏటా అంది. తర్వాత అనడం మానేసింది. మీ అమ్మ బట్టలన్నీ ఆవిడ దగ్గరే కుట్టించుకోవడం మీకు గుర్తుండాలి. చెయ్యి సరిగా లేక కొలతలు తప్పినా, మళ్లీ కుట్టమని ఒక్కసారీ అడగలేదు. పోయేనాటికి కూడా భుజాల దగ్గర వదులైన రవికే వేసుకుని ఉంది. నేను చెయ్యాల్సిన పనిని ఆమె తనకు చేతనైనట్టు చేసి వెళ్లిపోయింది. నేను ఇంకో ఆరేళ్లు ఊరుకున్నాను.

6. కొత్త వీధి చివర, ఆ దర్జీ ఇంటి ఎదురుగా నాకున్న ఖాళీ స్థలం సర్వహక్కులతో ఆమెకు చెందాలి. (ఈ అంశం కొట్టివేశాను. చదవడానికి వీలుగా ఒకే గీత గీశాను. కారణం కింద ఉంది.)

7. కంపెనీ ఆ స్థలం అడుగుతున్న సంగతి మీకు తెలుసు. పెద్ద లైను వస్తుంది, అక్కడ గ్యాసు స్టేషను కట్టాలట. అబ్బాయి పైవాళ్లకు మాట ఇచ్చేశాడు. అమ్మాయి వీధివాళ్లతో వద్దని సంతకాలు పెట్టించింది. ఇద్దరికీ దక్కకుండా దర్జీకి రాసేస్తే నా బరువు దిగుతుందనుకున్నాను. రాసి, సోమవారం వకీలుకు చూపించాను. చదివి కళ్లద్దాలు తీశాడు. “బాగానే రాశావు. నువ్వు పోయాక చదివి వినిపిస్తాను. అప్పటికి ఆవిడ ఉంటే వింటుంది” అన్నాడు. ఎగతాళిగా అనలేదు. ఆవిడకు డెబ్బై రెండేళ్లని, ఈమధ్య ఆయాసపడుతోందని నాకు తెలుసు.

మంగళవారం ఉదయం స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని ఆవిడ దుకాణానికి వెళ్లాను. “రండన్నయ్యగారూ, ఏం కుట్టాలి?” అంది. ఏమీ కుట్టనక్కర్లేదు, ఒక కాగితం చదువుతాను వినమన్నాను. అయిదో అంశం చదివాను. మిషను తొక్కుతూనే వింది. చొక్కా సంగతి రాగానే కాలు ఆగింది. అయిపోయాక “మళ్లీ చదవండి” అంది. మళ్లీ చదివాను. నా చొక్కా గుండీల వంక చూసింది. క్షమించానని అనలేదు. అనమని నేనూ అడగలేదు.

చివరికి “దీనికి సాక్షులు ఎవరు?” అని అడిగింది. ఇంకా ఎవరూ పెట్టలేదన్నాను. “నేను పెడతాను” అంది. మర్నాడు వకీలును వెంటబెట్టుకుని వెళ్లాను. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు ఆ వీలునామాలో ఇచ్చింది చెల్లదని, స్థలమో సంతకమో ఏదో ఒకటే కుదురుతుందని అతను ఓపిగ్గా చెప్పాడు. “స్థలం ఏం చేసుకోను వకీలుగారూ? నేను చూస్తుండగా ఆయన సంతకం పెట్టాలి” అంది.

8. కాబట్టి ఆ స్థలం అబ్బాయికీ అమ్మాయికీ ఉమ్మడిగా చెందాలి. ఇద్దరూ సంతకం పెడితేనే కంపెనీకి ఇవ్వాలి. అలా ఇచ్చినా ఒక షరతు: ఆ లైనులో వాసన చేరిందో లేదో, గ్యాసు ఎంత కారుతోందో చూసేవాళ్లు కంపెనీ మనుషులు కాకూడదు. చూసింది చూసినట్టు వారం వారం వీధిలో బోర్డు మీద రాసి పెట్టాలి. కలిపినవాడే పరీక్ష చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. దీనికి కంపెనీ ఒప్పుకోకపోతే ఆ స్థలంలో గడ్డి పెరగనివ్వండి. మీ ఇద్దరూ పోట్లాడుకోండి, కానీ ఒకే గదిలో కూర్చుని పోట్లాడుకోండి. మీ అమ్మకు అది ఇష్టం.

9. అయిదో అంశం ప్రతులు మూడు తీయించాను. ఒకటి కంపెనీకి, ఒకటి దర్జీ ఆవిడ కొడుక్కి, ఒకటి ఆ వీధి సంఘానికి. నేను పోయేదాకా ఆగకుండా ఈరోజే అందజేయాలి. దానివల్ల నాకు పెన్షను ఆగినా, కేసు పడినా, అబ్బాయికి ఆఫీసులో తల దించుకోవలసి వచ్చినా, ఆ తప్పు నాది. వాడు తండ్రిమీద ఎంత కోపమైనా చూపించవచ్చు.

పైన రాసినదంతా చదివి చూసుకుని, నిజమని ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

తేదీ: నవంబరు 14, గురువారం, పగలు పదకొండు గంటలు.

(సంతకం)
అత్తరు, మందు గది, రిటైర్డు

సాక్షులు:

1. కొత్త వీధి మందుల షాపు యజమాని. వీలుకర్త నా ఎదుట సంతకం చేశారు.

2. అదే వీధి చివరి ఇంటి దర్జీ. ఎడమ చేత్తో సంతకం చేశాను. అంతా చదివించుకుని విన్నాను. అయిదో అంశం రెండుసార్లు విన్నాను. అందులో రాసినట్టే జరిగింది.