అక్క పొలంలో దిగినవాళ్ల లెక్క

అక్కకి,

నీ చెల్లి దేవుడమ్మ ఢిల్లీ నుంచి దండం పెట్టి రాస్తోంది. నేను బాగున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎలా ఉంది? చుట్ట మానమని నేను చెప్పానని చెప్పు, వినడని తెలిసినా చెప్పు. ఫోన్ చేయక ఉత్తరమెందుకని ఆయన నవ్వుతాడు. కొండెక్కితే గాని నీకు సిగ్నల్ దొరకదు, దొరికినా ఈ కింద రాసే సంగతి మొదలెడితే నాకు ఏడుపొస్తుంది.

ఇక్కడ రెండు పూటలా గోధుమరొట్టెలే. చోడి అంబలి కోసం ప్రాణం లాగుతోంది. ఇక్కడ రాగి అని అడిగినా దొరకదు. ఇటువైపు ఎవరైనా వస్తే శేరు చోడిపిండి పంపు. చలి మనకు కొత్త కాదు గాని, పొయ్యి దగ్గర పక్కన కూర్చునే మనిషి లేని చలి కొత్తగా ఉంది. అయినా బాగానే ఉన్నాను, దిగులుపడకు.

నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. ఏ దేశంలో ఒక్కో రైతు ఎంత పండిస్తున్నాడో కొలిచి, మా ఆఫీసువాళ్లు దేశాలన్నిటినీ వరసలో నిలబెడతారు. ఒక్క మనిషి మిషను మీద కూర్చుని మన ఊరి నుంచి పెదబయలు సంత దాకా ఉన్నంత నేల దున్నేసే దేశాలు పైన ఉంటాయి. మనది బాగా కింద. మన దేశంలో మళ్లీ కొండలు ఇంకా కింద. తెలుగులో రాసి పంపిన రైతుల కాగితాలు చదివి కంప్యూటర్లో ఎక్కించడం నా పని.

మూడు వారాల కిందట ఆ కాగితాల్లో నీ పొలం వచ్చింది. కోతలయ్యాక ఒకాయన వచ్చి ప్రశ్నలడిగాడన్నావే, అదే. అరెకరం చోడి చెక్కలో పనిచేసినవాళ్లెవరు అన్నచోట ముప్పై ఒక్క పేర్లున్నాయి. మొదట నవ్వొచ్చింది. ఆయన పని అడిగితే నువ్వు చుట్టరికం చెప్పావు. మన ఊళ్లో ‘నీ పొలంలో ఎందరు దిగారు’ అంటే ఒక్క పేరు వదిలినా తగువే కదా. రేపు మనం వాళ్ల పొలంలో దిగుతామని ఇవాళ మన పొలంలో దిగినవాళ్లే కాదు, గట్టు మీద కూర్చున్న బుడ్డమ్మత్త, డప్పు కొట్టిన సింగన్న మావ కూడా లెక్కలోనే ఉన్నారు.

మా పైఅధికారి రావుగారు గోదావరి వైపు మనిషి, చెడ్డవాడు కాదు. ఆ కాగితం చూసి, “ఇంత చెక్కకి ఇంతమందేంటమ్మా? సగంమందిని తీసేసినా గింజ తగ్గదు. వీళ్లని పట్నం పనుల్లోకి పంపమనే కదా మన రిపోర్టు చెప్పేది” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను అక్కా. అది మా అక్క పొలమని చెప్పలేదు.

నీ కాగితాన్నే రిపోర్టులో ఉదాహరణగా వేస్తామన్నారు. విత్తనం ఎక్కడ ఇవ్వాలో, ఎక్కడ మానాలో పైవాళ్లు ఆ రిపోర్టు చూసే తేలుస్తారు. పది రోజులు మింగలేక, కక్కలేక ఉండి, అది మా అక్క పొలమేనని చివరికి రావుగారికి చెప్పేశాను. వాళ్లంతా ఒక్క పూట వచ్చినవాళ్లు సార్, మిగతా రోజులు వేరే పొలాల్లో ఉంటారు అన్నాను.

“కాగితంలో పూటలకి గడి లేదమ్మా. పోనీ, మీ ఊరేగా, నువ్వే దిద్దు. నిజంగా పనిచేసినవాళ్లనే ఉంచు” అన్నారు.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. బుడ్డమ్మత్త పేరు దగ్గర నీ గొంతు వినపడింది. “ఏటే, అత్త గట్టుమీద కూకుని సిలకల్ని తోల్నేదేటి? ఆవిడ పేరు కొట్టీత్తావా?” సింగన్న మావ డప్పు ఆగితే కోత వరస కదలదు, ఆయన్నెలా తీయను? ఒక్కరినీ కొట్టలేక, మొదటిసారి నవ్వులో చదవకుండా వదిలేసిన చివరి పేరు దాకా వచ్చాను. అది నాది.

ఊరు విడిచి రెండేళ్లయింది. ఆ కోతకి నేను కొడవలి పట్టలేదు. అయినా ఆయనెవరో అడిగితే నా పేరు చెప్పావు. ఆఫీసని కూడా చూడకుండా ఏడ్చాను. తర్వాత ఆ ఒక్క పేరే కొట్టేసి ఇచ్చాను. అందులో అబద్ధం అదొక్కటే.

రావుగారు చూసి, “చూశావా, ఒకర్ని తీసినా పంట అంతే ఉంది. నేను చెప్పిందీ అదే” అన్నారు. కాగితం అలాగే రిపోర్టులోకి పోయింది. నన్ను తిట్టు, పడతాను. చేయగలిగింది చేశాననీ అనుకోలేకపోతున్నాను.

ఇదంతా అమ్మకి చదివి వినిపించకు, నేను బాగున్నానని మాత్రం చెప్పు. అమ్మకి, బావకి, బుడ్డమ్మత్తకి, సింగన్న మావకి నా దండాలు. ఎంత దూరమున్నా నన్ను దీవించమను.

ఒక్కదానికి మాత్రం జవాబు రాయి. నేను లేని ఈ రెండేళ్లూ మన పంట తగ్గిందా? తగ్గకపోయినా తగ్గిందనే రాయి అక్కా.

నీ చెల్లి
దేవుడమ్మ