మోచేతి మోటారు

అనకాపల్లి,
14 జూలై 2008

నా హాస్టలు గదిలో సగభాగమైన సుజికి,

ఫోన్లో చెబితే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా నాకు వినపడదు కదా.

ఏప్రిల్లో మా స్కూలుకి పూర్వ విద్యార్థులు ఆరు రోబోలు ఇచ్చారని చెప్పాను. రోబో అంటే నడిచే మనిషిబొమ్మ కాదు, బల్లమీద నిలబడే ఒంటి చెయ్యి. భుజం, మోచెయ్యి, వేళ్లు. ఒక్కో కీలుకీ అగ్గిపెట్టెంత సర్వో మోటారు. కంప్యూటరు ఎంత తిరగమంటే అంత తిరిగి ఆగడం దాని పని. ఆ పనే చెయ్యడం లేదు. బడి తెరిచాక ఇప్పటికి నాలుగు మోచేతులు పోయాయి. సుద్దముక్క ఎత్తమని ఎనిమిదో తరగతి పిల్లలు ప్రోగ్రాము రాస్తే, అది సగం దాకా లేచి, చలిజ్వరమొచ్చినట్టు వణికి, కరకరమంటూ వాలిపోతుంది. పిల్లలు ముందు నవ్వారు. ఇప్పుడు నవ్వడం కూడా మానేశారు.

నేను చెయ్యనిదేమీ లేదు. కరెంటు చాలడం లేదేమోనని వేరే అడాప్టరు పెట్టాను. వైర్లు మార్చాను. మోచేతి మోటారు భుజానికీ, భుజానిది మోచేతికీ వేసి చూశాను. జబ్బు మోటారుతోపాటే వెళ్లింది. అంటే బోర్డు మంచిదే, ప్రోగ్రామూ మంచిదే. కొత్త మోటారు వేస్తే వారం పనిచేస్తుంది, మళ్లీ మామూలే. ఎప్పుడు చూసినా మోచెయ్యే ఎందుకు?

మొన్న హెడ్మిస్ట్రెస్ గారు గుమ్మంలో నిలబడి, "మీరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ కదండీ?" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు. ఆ 'కదండీ' ఇంకా చెవిలోనే ఉంది. నలభై నాలుగేళ్లొచ్చాయి. పీహెచ్‌డీ మధ్యలో వదిలేసిన రోజు కూడా ఇంత సిగ్గుపడలేదు. నాకు నిజంగా ఫిజిక్స్ వచ్చా సుజీ, పరీక్షలు రాయడం ఒక్కటే వచ్చా?

ఒక్కటే ఊరట. నా బల్లమీద పెట్టుకున్న ఆరో రోబో చెక్కుచెదరలేదు. నా చేతికింద ఉంది కాబట్టేనేమో. అలాగని మిగతావాటికి లోటు చెయ్యలేదు. మే సెలవుల్లో పాత కర్టెను కత్తిరించి, ఇంట్లో టీవీకీ ఫ్రిజ్జుకీ కుట్టినట్టే, ఎలాస్టిక్ వేసి కవర్లు కుట్టాను. ఐదింటికే వచ్చింది గుడ్డ. మా ఆయా నూకరత్నం రోజూ సాయంత్రం తొడిగి, గది తాళం వేసి వెళ్తుంది.

ఏదైనా తోస్తే రాయి. పాలిటెక్నిక్‌లో మోటార్లతో కాపురం చేసేదానివి.

తల కొట్టుకోవడానికి మంచి గోడ వెతుక్కుంటున్న
నీ రోజలిన్

అనకాపల్లి,
3 ఆగస్టు 2008

సుజీ,

నీ కార్డు అందింది. "మోటారు విప్పి చూడు. లోపల పళ్లు విరిగి ఉంటే ఎవరో చేత్తో బలవంతంగా వంచుతున్నట్టే" అని రాశావు. విప్పాను. నాలుగు మరలు తీస్తే లోపల వేలిగోరంత ప్లాస్టిక్ పళ్లచక్రాలు. ఒకదానికి రెండు పళ్లు లేవు. ఇంకో మోటారు విప్పితే అందులోనూ అంతే.

పిల్లలు నా కళ్లముందే ఉంటారు. గది తాళంచెవులు నా దగ్గరొకటి, నూకరత్నం దగ్గరొకటి. పిలిచి అడిగాను.

"వీటిని వంచి విరగ్గొడుతున్నావా?"

"నానెందుకిరగ్గొడతానమ్మా? మీరు సెప్పినట్టే సేత్తన్నాను."

"విరగ్గొట్టమని నేను చెప్పానా?"

ఆవిడ నా మొహంలోకి ఒక్క నిమిషం చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్నే ఒప్పుకోవడం అనుకున్నాను. కాగితం మీద రాసి హెడ్మిస్ట్రెస్ గారికిచ్చాను. మర్నాడే పనిలోకి రావద్దన్నారు. పదకొండేళ్ల మనిషి. వెళ్తూ వెళ్తూ తాళంచెవి నా బల్లమీద పెట్టి, "సొక్కాలు తొడిగీసేనమ్మా" అంది. కవర్లని సొక్కాలంటుంది ఆవిడ.

నేను చేసింది సరైనదే కదా? ఇక మోచేతులు పోవు కదా? సరే అని ఒక్క ముక్క రాయి, చాలు.

రోజలిన్

అనకాపల్లి,
24 ఆగస్టు 2008

సుజీ,

సరే అని నువ్వు రాయలేదు. మంచిపని చేశావు.

నూకరత్నం వెళ్లాక కొత్త మోటార్లు బిగించాను. ఆ సాయంత్రం కవర్లు నేనే తొడగాల్సి వచ్చింది. చెయ్యి సగం లేచి ఉంది. కవరు దిగలేదు. మోచేతిని అరచేత్తో అదిమాను. ఆగేచోట ఆగింది. ఇంకాస్త అదిమాను. లోపల టక్కుమంది.

మేలో గుడ్డ చాలదని చేతుల్ని పూర్తిగా మడిచి కొలత తీసుకున్నది నేను. జూన్లో నూకరత్నానికి ఇలా అదిమి తొడగమని దగ్గరుండి చూపించింది నేను. "లోపలేటో కటకటమంటందమ్మా" అని ఆవిడంటే, "కొత్తది కదా, అలవాటవుతుందిలే" అన్నదీ నేనే. ఆరో రోబోని కాపాడింది నా చెయ్యి కాదు. దానికి కవరు లేకపోవడం.

ఇదంతా రాసి హెడ్మిస్ట్రెస్ గారికిస్తే, "అయిపోయింది కదండీ, ఇప్పుడెందుకు తవ్వడం?" అన్నారు. స్టాఫ్ రూములో అందరిముందూ చదివాను. ఒక్క ముక్క వదల్లేదు. నూకరత్నాన్ని మళ్లీ తీసుకోవడానికి ఒప్పుకున్నారు.

అప్పటికే ఆవిడ అచ్యుతాపురంలో ఒక కంపెనీలో తుడిచే పనికి కుదిరిందట. సాయంత్రం కంపెనీ బస్సు ఆగేచోట నిలబడ్డాను. క్యారేజీ పట్టుకుని దిగి, "అమ్మగోరు! మీరేటి ఇక్కడ?" అంది. చెప్పాల్సిందంతా చెప్పాను.

"నీకు తెలుసు కదా, గట్టిగా ఎందుకు చెప్పలేదు?"

"ఒకపాలి సెప్పేను కదమ్మా. రెండోపాలి సెప్తే, నీకేటి తెలుసే అంటారని ఊరుకున్నాను."

"మళ్లీ వచ్చెయ్."

"రానమ్మా. ఇక్కడ మిసను మీద సెయ్యెడితే సూపర్‌వైజరు అరుత్తాడు. ముందే అరుత్తాడు. ఇరిగిపోయాక కాదు."

నాలుగడుగులు వేసి ఆవిడే వెనక్కి తిరిగింది. "ఆ సొక్కాలేటి సేసేరు?"

"చింపేద్దామనుకుంటున్నాను."

"సింపీకండి, మంచి గుడ్డ. మా మిక్సీకొకటి కుట్టీండి."

రెండు వారాలుగా ఆరు మోచేతులూ సుద్దముక్కలు ఎత్తుతున్నాయి. దుమ్ము పడితే నేనే తుడుస్తున్నాను. పిల్లలు మళ్లీ నవ్వుతున్నారు. సంతోషించాల్సింది పోయి ఆ మోటార్ల చప్పుడు విన్నప్పుడల్లా తల దించుకుంటున్నాను.

నిన్న టేపు పట్టుకుని వాళ్లింటికెళ్లాను. మిక్సీ గట్టుమీద ఉంది, పైన జారుతో సహా. చెయ్యి చాపి, ఆగి, "జారు తీసి కొలవనా, ఉంచి కొలవనా?" అని అడిగాను.

"అదెలాగుంటే అలాగే కొలవండమ్మా" అంది నూకరత్నం. "దాన్నేటీ సెయ్యకండి."

ఇప్పుడిప్పుడే కొలత నేర్చుకుంటున్న
నీ రోజలిన్