నార్సింగి మలుపు దాటాక కుడి పక్క

వాసంతీ, పేపరాఫీసు డ్యూటీకి వెళుతున్నాను. కూర వేడి చేసుకో. ఆదివారం మారథాన్‌లో నార్సింగి మలుపు దాటాక రోడ్డుకు కుడి పక్కనే పరుగెత్తు.

మధ్యాహ్నం స్కూటర్ మీద పరుగు దారంతా చూసి వచ్చాను. అక్కడ ఎడమ పక్క మ్యాన్‌హోల్‌కు మూత లేదు. అందులో వేపకొమ్మ గుచ్చి ఉంది. ఆకులు ఎండిపోయాయి. పక్కనే టీ కొట్టు నడిపే భాగ్యమ్మను అడిగాను.

"పది దినాలాయె సార్. కొమ్మ నేనే పెట్టిన. ఎర్ర టోపీ మేడమొకామె రోజూ పొద్దుగాల చీకట్ల దీని మీదికెల్లి దుంకి పోతది. జెప్తె నవ్వుతది."

ఆ టోపీ మన బాల్కనీలో ఆరుతోంది. రోజూ అడిగాను, రోడ్డు బాగుందన్నావు.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర నుంచి టార్చితో ఆ గుంత దగ్గరే ఉంటాను. మారథాన్ వార్త ఇంకొకరికి ఇమ్మని ఆఫీసుకు చెప్పేశాను.