సాంచల సందులో పట్టాను

ఉన్, సూరత్

అక్కకు, బావకు దండాలు పెట్టి రాజేశం రాస్తున్నది. మీరంతా ఎట్లా ఉన్నారు? బావ దగ్గు తగ్గిందా? మాస్కు లేకుండా అంగడికి పోనివ్వకు. ఇక్కడ నేను, లక్ష్మి బాగున్నాం. నిజంగా బాగున్నాం అక్కా, ఒట్టు.

కరోనాకు మరమగ్గాల కార్ఖానా మూసిన నెలల్లో తిని కూర్చుని ఇంకా లావయ్యానని నీకు తెలుసు. మళ్లీ తెరిచాక రెండు సాంచల మధ్య సందులో పట్టలేదు. పక్కకు తిరిగి, పొట్ట ఇనుముకు రాసుకుంటూ దూరేవాణ్ని. రోజూ అంగీ మీద నూనె మరక, రోజూ లక్ష్మి సణుగుడు. చివరికి శేఠ్ నన్ను కండెలు చుట్టే దగ్గర కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్లు సాంచ నడిపినవాణ్ని, ఎంత సిగ్గనిపించిందో! షుగరు, ఆయాసం సరేసరి. అందుకే, నువ్వు ఫోన్లో ఏడ్చి వద్దన్నా, ఒళ్లు తగ్గే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

ట్రస్టు ఆసుపత్రి డాక్టరమ్మ మన తెలుగావిడే. కడుపు పైభాగం చుట్టూ మెత్తటి పట్టీ వేస్తారట, కొంచెం తినగానే నిండినట్టు ఉంటుందట. చర్మం కింద పెట్టిన చిన్న డబ్బీలోకి సూదితో నీళ్లు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. మనం పడుగు బిగువు చూసుకున్నట్టే. వేయడానికి పద్ధతులు రెండు: బొడ్డు దగ్గర ఒక్కటే కోత, లేదా ఐదు చిన్న రంధ్రాలు.

"ఒక్కటే మంచిగుంటది గదమ్మా, గాయం కనవడది" అన్నాను.

"కనపడదు, నిజమే. కానీ పనిముట్లన్నీ ఒకే దారిలో పోవాలి. మీ ఒంటికి లోపల తిప్పే చోటు చాలదు" అంది.

"గట్లనా! ఇరుకు సందుల పోగు అతుకుడు ఎంత కష్టమో నాకంటె ఎవలకు తెలుసు? ఐదు పెట్టుండ్రి!"

ఆమె మాస్కు వెనక పకపకా నవ్వింది.

ఆపరేషన్ మంచిగానే అయింది. ఆ తర్వాత ఒక తప్పు చేశాను, తిట్టకు. సాంచ ఆగదు కాబట్టి నిలబడి గబగబా మింగే అలవాటు మాది. గట్టి తిండి మొదలైన రోజే రొట్టె ముక్క అట్లాగే మింగాను. ఛాతీలో అడ్డం పడింది, కక్కేదాకా పాణం పోయిందనుకున్నాను. "జర నములు, సాంచ ఏడికి పోదు!" అంటూ లక్ష్మి ఇప్పుడు ఎదురుగా కూర్చుని తినిపిస్తోంది.

ఎనిమిది నెలలు గడిచాయి, పొట్ట తగ్గింది. మొన్న సోమవారం శేఠ్ "జా భాయ్, సంభాల్ లే" అని నా సాంచలు నాకే అప్పగించాడు. వెనక మూల పోగు తెగింది. పక్కకు తిరగకుండా, సందులో నేరుగా నడిచిపోయి అతికాను. తోటివాళ్లు ఒకటే ఈలలు!

ఇంటికొచ్చాక లక్ష్మి ఉతకడానికి అంగీ తీసుకుని ముందూ వెనకా తిప్పి చూసింది. "మరక ఏది? పనికి పోలేదా ఏంది?" అంది. పోయానంటే నమ్మలేదు. నమ్మాక ఆ అంగీని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

దసరాకు వస్తాం. మక్కగారెలు నాకు రెండే చెయ్యి, బావకు దండిగా. పెద్దమ్మకు నా దండాలు చెప్పు. కత్తి వద్దని ఏడ్చిన నువ్వే ఇప్పుడు నెత్తిన చెయ్యి పెట్టి దీవించాలి.

నేరుగా నడిచే నీ తమ్ముడు,
రాజేశం