హాల్లో దొరసాని పటం

నూర్జహానక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన మేడమ్ ఇంటి హాల్లో, అరబ్బుల జరీ గౌను వేసుకున్న దొరసాని పటం ఉంది కదా, దాన్ని ఈరోజు శుభ్రం చేయించారు. నూరేళ్లనాటి రంగుల మీద మసకంతా పోయింది. మనం గోధుమరంగు అనుకున్న ఆ గౌను ఆకుపచ్చదక్కా! చూసి ఉంటే ఎంత సంబరపడేదానివో.

మస్కట్ వచ్చిన మొదటిరోజు, పనివాళ్ల పొడుగు గౌను, తలగుడ్డ వేసుకుని అద్దంలో చూసుకుని వంటింట్లో ఏడ్చాను. వంట చేస్తున్న నువ్వు పొయ్యి ఆపి, చెయ్యి పట్టుకుని నన్ను ఈ పటం ముందుకు తీసుకొచ్చావు.

"ఈయమ్మను సూడు పాపా. తనవి కాని గుడ్డలేసుకోని ఎంత ధైర్నంగా కూచునిందో! గుడ్డలు మారితే మనం మారిపోతామా?"

ఆ మాటే పట్టుకుని ఇన్నేళ్లూ డ్యూటీ చేశాను. అయినా ఈ బట్టల్లో ఒక్క ఫొటో కూడా అమలాపురంలో మా ఇంటికి పంపలేదు. వీడియో కాల్ అంటే చీర కట్టుకునేదాన్ని.

ఈరోజు మేడమ్ నన్ను పటం పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఉన్నదున్నట్టు మా అమ్మాయికి పంపేశాను. వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా, ఆవిడకన్నా నువ్వే బాగున్నావే! ఇన్నాళ్లూ ఎందుకు పంపలేదు?"

అప్పుడు నీ గురించి చెప్పాను. "ఇంకా చెప్పు" అంటూ ఫోన్ పెట్టనివ్వలేదక్కా.

నీ
పాప